బోదె పూడిక

చిలకలపూడి, మచిలీపట్నం
ఈస్టరు మర్నాడు, సోమవారం రాత్రి

చిరంజీవి చిన్నాకి,

నీ క్షేమం కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. ఈసారి కాస్త ఎక్కువే చేస్తున్నాను, ఎందుకో చెప్తాను.

నిన్న తెల్లవారుజామున నేనూ మీ అమ్మా మీ మావయ్యా నాగాయలంక దగ్గర మన ఊళ్ళో సమాధుల తోటకి వెళ్ళాం. తాతయ్య సమాధికి మావయ్య ముందురోజే సున్నం వేయించాడు. గాలికి కొవ్వొత్తి నిలవకపోతే మీ అమ్మ కొంగు అడ్డం పెట్టి వెలిగించింది. అక్కణ్ణించే నీకు ఫోను చేశాను, ఎత్తలేదు. తొమ్మిదింటికి నువ్వే చేశావు. గుడికెళ్ళావా అని అడిగితే, రాత్రి ఆఫీసు పని తెమిలి పడుకునేసరికి మూడయిందన్నావు. పోనీలే, ఒక రాత్రి పని అంటే నేను అర్థం చేసుకోగలను. ఆ తర్వాత నువ్వన్న మాటే నన్ను పట్టుకుంది. "నేనేం దేవుణ్ణి వదిలెయ్యలేదు పెద్దమ్మా. ఏదో అలా అలా ఆగిపోయింది, అంతే."

ఆ 'అలా అలా' గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెప్తే 'సరే పెద్దమ్మా' అంటావు, నేను పెట్టేస్తాను, అక్కడితో అయిపోతుంది. కాగితమైతే నాలుగు రోజులు నీ బల్ల మీద ఉంటుంది.

నువ్వు నాకు అబద్ధం చెప్పలేదు నాన్నా, ఆ సంగతి తెలుసు. దేవుడి మీద నీకు కోపమూ లేదు, ఆయన లేడని వాదించనూ లేదు. వాదించి ఉంటే నాకు ఇంత దిగులు ఉండేది కాదేమో. వాదించేవాడు ఆయన ఎదురుగా నిలబడే ఉంటాడు. బైబిల్లో యోబు అలాగే నిలబడ్డాడు. నీది ఎదురు తిరగడం కాదు. కట్టు వదులైన పడవ రేవులోంచి కదిలినట్టు ఉంది నాకు. ఆ కదలడం పడవలో పడుకున్నవాడికి తెలియదు. హెబ్రీ పత్రిక రెండో అధ్యాయం మొదటి మాటలు ఇవాళ తీసి చదువు. ఆ రాసినాయన భయపడింది దీనికే.

నీకు ఉప్పెన సంగతి చాలాసార్లు చెప్పాం. ఈ ముక్క మటుకు చెప్పి ఉండను.

1977 నవంబరు 19, శనివారం. నాకు పన్నెండేళ్ళు, మీ అమ్మకి ఎనిమిది. పొద్దుట్నించీ ఈదురుగాలి. చీకటి పడే వేళకి సముద్రం ఊళ్ళోకి వచ్చింది. తాతయ్య మీ అమ్మని భుజాన వేసుకుని, నన్ను రెక్క పట్టుకుని లాక్కుంటూ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క డాబా ఎక్కించాడు. మీ మావయ్య అమ్మమ్మ చంకలో ఉన్నాడు. మా నాయనమ్మ చెయ్యి మెట్ల దగ్గర జారిపోయింది. ఆ ఉప్పెనలో 10,000 మంది వరకూ పోయారని సర్కారు లెక్క. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మర్నాడు ఆదివారం. తాటాకు గుడి ఉండాల్సినచోట నాలుగు నిట్రాళ్ళు మిగిలాయి. తాతయ్య వెళ్ళి ఆ బురదలో మోకాళ్ళూనాడు. ఒక్కొక్కరే వచ్చి పదకొండుమందిమి అయ్యాం. పాట ఎత్తుకోవడానికి ఎవరికీ గొంతు రాలేదు. తాతయ్య ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలెట్టి, ఆ రోజుకి కూడు ఇమ్మని అడిగే చోట ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడో చెప్పలేను. గాలి చప్పుడొక్కటే ఉంది. మళ్ళీ అక్కణ్ణించే అందుకుని చివరిదాకా చెప్పాడు.

ఆ వారంలో దేవుణ్ణి వదిలేసినవాళ్ళు మన ఊళ్ళో ఒక్కరూ లేరు. ఏడుస్తూ ఆయన్ని నిలదీసినవాళ్ళు ఉన్నారు. వదిలినవాళ్ళు లేరు.

మరి ఎప్పుడు వదిలారంటే, బాగుపడ్డాక. పక్కా ఇళ్ళు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, 1990ల్లో రొయ్య వచ్చింది. రొయ్యని తిట్టే నోరు నాకు లేదు. మీ అమ్మ పెళ్ళి ఆ డబ్బుతోనే చేశాం, ఇప్పుడున్న సిమెంటు గుడికి చందాలూ ఆ డబ్బులోంచే వచ్చాయి. కానీ ఏం జరిగిందో చూడు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో గట్టు మీద ఉండి చూసుకోవాలి. అంతకు ముందు ఆ వేళకి లేచి ఇళ్ళలో పాట పాడేవాళ్ళు. వేళ అదే, లేవడమూ అదే. వెళ్ళే చోటు మారింది. ఆదివారమని రొయ్య ఆగదు కదా. మొదట మగవాళ్ళు రావడం తగ్గించారు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఆడవాళ్ళు ఒంటరిగా రాలేక మానారు. ఇవాళ పాలరాయి పరిచిన గుడిలో వెనక బెంచీలు ఖాళీ. తాటాకు గుడి రోజుల్లో బయట చాపలు పరిచేవాళ్ళం.

ఎవర్నైనా అడుగు, ఎప్పుడు మానేశారని. చెప్పలేరు. నువ్వూ చెప్పలేవు. ఉప్పెనకి తేదీ ఉంటుంది నాన్నా. 1864 నవంబరు 1న ఇక్కడ మా బందరు మీద పడిన ఉప్పెనకీ తేదీ ఉంది. అప్పుడు 30,000 మంది పోయారు. ఈ జారిపోవడానికి తేదీ ఉండదు. నిన్న తిరిగొస్తూ చల్లపల్లి దగ్గర దారి మళ్ళి ఘంటసాల వెళ్ళాం, మీ అమ్మ ఎప్పుడూ చూడలేదంటే. టాలెమీ అనే గ్రీకు పండితుడు రాసుకున్నంత పేరున్న రేవు అది ఒకప్పుడు. బౌద్ధుల స్తూపం దిబ్బ ఉంది, అక్కడ దొరికిన శిల్పాలు మ్యూజియంలో పెట్టారు. ఎంత భక్తి లేకపోతే రాతిని అంత మెత్తగా చెక్కుతారు! ఆ స్తూపం ముందు చివరి దీపం ఏ సాయంత్రం పెట్టారో ఏ శాసనంలోనూ ఉండదు. పెట్టినవాళ్ళకి కూడా అదే చివరిదని తెలిసి ఉండదు. ఆ ఎండలో నిలబడి నీ మాటే తలుచుకున్నాను.

ఇప్పుడు తాతయ్య పొలం సంగతి. నువ్వు చిన్నప్పుడు ఆ గట్ల మీద పరిగెత్తినవాడివే అయినా, ఆ ఎకరంన్నర ఎలా పండుతుందో నీకు తెలియదు.

మన ఊరున్న దివిసీమ చుట్టూ ఉప్పే. ఒకవైపు సముద్రం, రెండు పక్కలా కృష్ణ పాయలు. ఆ పాయల్లోకి పోటు వేళ సముద్రం ఎదురెక్కుతుంది. కింద నేల లోపలా ఉప్పునీరే. మనకి తియ్యనీళ్ళు ఎక్కణ్ణించో బెజవాడ బ్యారేజీ దగ్గర బయల్దేరి, కాలవ వెంట వచ్చి, పులిగడ్డ దగ్గర అక్విడెక్టు మీదుగా నది దాటి రావాలి. కింద నది, పైన కాలవ. మనం ఉన్నది ఆ కాలవకి చిట్టచివర, అక్కణ్ణించి మడిలోకి నీళ్ళు తెచ్చేది బోదె అనే చిన్న పిల్లకాలవ. నీళ్ళు నిండుగా వచ్చి మడిలో నిలబడితే వాటి బరువుకి ఉప్పు కిందికి దిగిపోతుంది, వరి పండుతుంది. నీళ్ళు రావడం ఆగితే చాలు. ఎవరూ ఉప్పు మోసుకొచ్చి పొయ్యక్కర్లేదు. ఎండకి అదే పైకి తేలుతుంది. ముందు గట్ల పక్కన, ఆ తర్వాత మడి మధ్యలో తెల్లగా పొడి కడుతుంది. దాన్నే చౌడు తేలడం అంటారు. సముద్రం పొలంలోకి రాకుండానే పొలం సముద్రం పాలవుతుంది.

తాతయ్య తూము ఎత్తే ముందు ఏం చేసేవాడో తెలుసా? కాలవలోకి వంగి, వేలు ముంచి నాలిక మీద పెట్టుకునేవాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. తియ్యగా ఉంటే తూము ఎత్తేవాడు. ఉప్పు తగిలితే ఉమ్మేసి, పైరు వాడుతున్నా సరే, ఎత్తేవాడు కాదు. ప్రతిసారీ అదే పని. "నిన్న చూశావుగా నాన్నా" అని నేనంటే, "ఇవాళ నీళ్ళు ఇవాళ్టివి" అనేవాడు.

ఇంతవరకూ ఊరి సంగతి చెప్పాను. ఇక నా సంగతి చెప్పాలి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

పెళ్ళయి గుడివాడ వెళ్ళినప్పుడు మీ పెదనాన్నకి రైల్వేలో పని, నాకు బళ్ళో పని. ఇల్లు కట్టుకోవాలని అప్పు చేశాం. పొద్దున్న అయిదున్నరకి ఒక ట్యూషను మొదలెట్టాను. అది నేను ప్రార్థన చేసుకునే వేళ. రాత్రికి మార్చుకున్నాను. రాత్రి అంట్లు తోముకునేసరికి కళ్ళు మూతలు పడేవి, పడుకుని చేసుకుందామనుకున్నాను. పడుకుని చేసే ప్రార్థన రెండు ముక్కల్లో నిద్రయిపోయేది. ఇదంతా ఏడాదిలో అయిపోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు అలాగే గడిపాను. అన్ని ఆదివారాలూ గుడికి వెళ్ళాను. సండేస్కూలు చెప్పాను. క్రిస్మస్‌కి పిల్లలతో నాటకం వేయించాను. బయటికి నేనే అందరికన్నా నమ్మకస్తురాలిని. కానుక సంచీ పట్టుకుని తిరిగే నా చెయ్యి చూసి ఎవరికి అనుమానం వస్తుంది?

ఎండిపోవడం మొదలైంది ఎక్కడో చెప్తాను, నీకు పనికొస్తుంది. ముందుగా పోయింది ప్రార్థన అనుకున్నాను చాలాకాలం. కాదు. ముందు పోయింది ఒప్పుకోవడం. అప్పు తీరాలి, పిల్లకి జ్వరం తగ్గాలి అని అడగడం మానలేదు. ఫలానావిడ మీద మాట తూలాను, ట్యూషను పిల్లాడి ఫీజు లెక్కలో తేడా చేశాను, నన్ను క్షమించు అనడం మానేశాను. ఆ మాట ఆగాక ఆయనతో మాట్లాడటానికి లోపల ఏదో ఇబ్బంది. ఇబ్బంది ఉన్నవాళ్ళింటికి పోవడం తగ్గిస్తాం కదా, అలాగే తగ్గింది. తర్వాత పాదిరిగారి ప్రసంగంలో తప్పులు కనపడటం మొదలైంది. పాటలు పాతబడ్డట్టు అనిపించాయి. చివరికి ఏ బాధా లేకుండా పోయింది. ఆ బాధ లేకపోవడాన్నే నేను సమాధానం అనుకున్నాను.

1998లో తాతయ్య కంటి శుక్లం ఆపరేషనుకి మా ఇంటికి వచ్చి మూడు వారాలు ఉన్నాడు. ఒక కంటికి కట్టు, రెండో కంటికి చూపు ఆనదు. మొదటి రోజు రాత్రి అన్నాలయ్యాక చాప మీద కూర్చున్నాడు, తన బైబిలు ఒళ్ళో పెట్టుకుని. తెరవలేదు. ఎవరైనా చదివి పెట్టాలి మరి. నేను పేపర్లు దిద్దుకుంటున్నాను. కాసేపు చూసి, బైబిలు నుదుటికి ఆనించుకుని పడుకున్నాడు. రెండో రోజూ అంతే. అడగలేదు. మూడో రోజు వంటింట్లో ఉంటే వినపడింది, తనకి నోటికొచ్చిన కీర్తన తనే మెల్లగా చెప్పుకుంటున్నాడు. ఒకచోట మాట గుర్తురాక మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. ఆ మాట నాకు తెలుసు. చెయ్యి తుడుచుకుని వెళ్ళి అందించాను. నవ్వాడు. "చదువమ్మా" అన్నాడు.

ఆయనది సన్న అక్షరాల బైబిలు, ఆ దీపానికి ఆనలేదు. బీరువా పైనుంచి నాది తీశాను. పేజీల మధ్య ట్యూషను ఫీజుల చీటీలు ఒక కట్ట, దానికి రబ్బరు బ్యాండు. ఆ బ్యాండు ఎన్నాళ్ళదో, ఎండకి కరిగి మళ్ళీ గట్టిపడి కాగితానికి అతుక్కుపోయింది. లాగితే కీర్తనల్లో ఒక పేజీ దానితోపాటు చినిగి వచ్చింది. ఆ చప్పుడు తాతయ్య విన్నాడు. నేను ఆ చినిగిన ముక్క చేత్తో పట్టుకుని చదవడం మొదలెట్టి, పది మాటలు చదవలేకపోయాను.

ఆయన ఒక్క మాట అనలేదు ఆ రాత్రి. ఊరెళ్ళే రోజు గుడివాడ బస్టాండులో, బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి అన్నాడు: "కాలవలో నీళ్ళు ఉన్నాయమ్మా. బోదె పూడింది, అంతే."

నాకు ఆ మాట ఎంత పని చేసిందో నీకెలా చెప్పను. ఆరేళ్ళలో ఏదో పెద్ద పాపం చేసి ఉంటే పెద్ద పశ్చాత్తాపం పడేదాన్ని. పూడిన బోదెకి కావలసింది పార. ఆ రోజు బస్టాండు నుంచి ఇంటికి నడుస్తూనే మొదలెట్టాను, ఆ ఫీజు లెక్క ఒప్పుకోవడంతో. ఆ పిల్లాడి తల్లికి డబ్బు తిరిగి ఇచ్చాను. ట్యూషను అరగంట వెనక్కి జరిపాను. ఇద్దరు పిల్లలు మానేశారు, ఇంటి అప్పు ఏడాది ఎక్కువ పట్టింది. పట్టనీ.

దానియేలు గురించి నేను సండేస్కూల్లో ఎప్పుడూ సింహాల గుహే చెప్పేదాన్ని, పిల్లలు కళ్ళు విప్పార్చుకుని వింటారని. ఆ తర్వాత కిటికీ గురించి చెప్పడం మొదలెట్టాను. ఆయనా నీలాగే ఊరు విడిచి పరాయి చోట పెద్ద ఉద్యోగం చేసినవాడే. గుహలో ఉన్నది ఒక్క రాత్రి. యెరూషలేము వైపు కిటికీ తెరుచుకుని మోకరించింది రోజుకి మూడుసార్లు. ఆ అలవాటు ఎప్పటిదో కనకనే పగవాళ్ళు దాని మీద గురిపెట్టగలిగారు. నీ మీద ఎవరైనా అలా ఫిర్యాదు చెయ్యాలంటే ఇవాళ వాళ్ళకి ఏం దొరుకుతుంది చెప్పు?

నేను చదువుకున్న నోబుల్ కాలేజీ సంగతి కూడా ఇలాంటిదే. రాబర్ట్ నోబుల్ దొర 1841లో బందరు వచ్చాడు, 1843లో బడి పెట్టాడు. ఆ బడి పిల్లల్లో మంచాల రత్నం, ఐనాల భూషణం బాప్తిస్మం తీసుకున్నది 1852లో. అంటే మధ్యలో తొమ్మిదేళ్ళు ఆయన పాఠం చెప్తూనే ఉన్నాడు, ఏ ఫలమూ కనపడకుండా. కనపడ్డాక ఊరంతా తిరగబడి బడి ఖాళీ అయింది, మళ్ళీ మొదటికి వచ్చి చెప్పాడు. 1865లో ఇక్కడే కన్నుమూసేదాకా ఒక్కసారి కూడా స్వదేశం వెళ్ళలేదు. ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన రోజు గురించి అందరూ చెప్తారు. తర్వాత వాళ్ళు పాదిరీలై చేసిన ఏళ్ళ తరబడి సేవ గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నాకు మటుకు ఆ రెండోదే ఎక్కువ కష్టం అనిపిస్తుంది.

ఇక్కడ మా పక్కింటి మామ్మగారు పాండురంగడి భక్తురాలు. కార్తీకమాసం వస్తే చలిలో తెల్లవారకముందే స్నానం చేసి దీపం పెట్టంది మంచినీళ్ళు ముట్టదు. ఎనభై దాటాయి. ఆవిడ గంట వినపడినప్పుడు నేనింకా దుప్పట్లో ఉంటే నాకు సిగ్గేస్తుంది. మన ప్రభువు నాకు ఇంత చేశాడని నోటితో చెప్పుకుంటాను కదా అని.

నీకు పెద్ద పెద్ద మొక్కులేం చెప్పను. నలభై రోజుల ఉపవాసం మొదలెట్టి నాలుగో రోజు ఆపొద్దు. పొద్దున్న ఫోను చేతిలోకి తీసుకోక ముందు పది నిమిషాలు. కూర్చుని చెయ్యి, పడుకుని వద్దు, నా సంగతి చెప్పానుగా. కీర్తన ఒకటి బయటికి చదువు, నీ గొంతు నీకు వినపడాలి. ఆ తర్వాత ముందురోజు చేసిన తప్పు పేరు పెట్టి ఒప్పుకో. 'నా పాపములు' అని గంపగుత్తగా కాదు, ఫలానా మాట, ఫలానా అబద్ధం అని. తాతయ్య నీళ్ళు రుచి చూసినట్టు, ఇవాళ్టివి ఇవాళ.

గుడి విషయంలో ఇంకో మాట. మీ హైదరాబాదులో వేలమంది పట్టే హాళ్ళున్నాయి, లైట్లూ పాటలూ బాగుంటాయి. వాటిలో దేవుడు లేడని అనను. కానీ నువ్వు రెండు వారాలు రాకపోతే ఎవరికీ తెలియని చోటు నీకిప్పుడు మంచిది కాదు. చిన్న సంఘం వెతుక్కో. నీ పేరు పెట్టి పిలిచి, పోయిన వారం ఎందుకు రాలేదని అడిగే ముసలాయన ఒకడు ఉండాలి అందులో. యూట్యూబులో ప్రసంగాలు వింటున్నానన్నావు. విను, తప్పులేదు. కానీ కూర తరుగుతూ వినే ప్రసంగం నిన్ను ఏమీ అడగదు. ప్రభువు బల్ల దగ్గర నీ పక్కన మోకరించినవాడితో ఆ వారం మాట్లాడకుండా ఉన్నావనుకో, అప్పుడు నీకు తెలుస్తుంది సంఘం అంటే ఏమిటో. ఇంకొకటి, కారు ఇస్తాడు, అమెరికా పంపిస్తాడు అని మాత్రమే దేవుణ్ణి చూపించేవాళ్ళ దగ్గర ఎక్కువకాలం ఉండకు. ఇచ్చేసాక ఆయనతో పనేముందనిపించేలా చేస్తారు వాళ్ళు. మన ఊళ్ళో అది కళ్ళారా చూశాను.

ఇన్నాళ్ళు పోయి ఇప్పుడు ఏ మొహంతో వెళ్ళను అనిపిస్తుంది నీకు, నాకూ అనిపించింది. 1977లో పొలం మీద సముద్రం నిలబడి పోయాక ఇక అది పనికిరాదని అందరూ అన్నారు. తాతయ్య వినలేదు. వచ్చిన ప్రతి వానకీ గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాడు, ఉప్పు దిగనిచ్చి బయటికి వదిలాడు, మళ్ళీ నిలబెట్టాడు. మొదటి పైరు జానెడు పెరిగి ఎర్రబడి పోయింది. ఆ తర్వాతి పైరుకి కాస్త గింజ పట్టింది. ఆ ఎకరంన్నరలో పండిన బియ్యమే నీ చిన్నతనమంతా మీ అమ్మ నీకు వండిపెట్టింది.

ఇప్పుడు కాలవలు కట్టేశారు. జూన్‌లో నీళ్ళు వదిలేలోపు బోదె పూడిక తీయాలని మావయ్య అంటున్నాడు. కూలీలు దొరకడం లేదట. మే ఆఖరి వారంలో శుక్రవారం రాత్రి బస్సెక్కు. శనివారం పొద్దున్నే అవనిగడ్డలో దిగితే మావయ్య బండి వేసుకుని వస్తాడు. తాతయ్య పార ఇంకా వసారాలోనే ఉంది, పిడి కొత్తది వేయించాం. ఆదివారం పొద్దున్న అందరం మన గుడికి వెళ్దాం, వెనక బెంచీలో చోటు ఉంటుంది. నీకు చేపల పులుసు మీ అమ్మ చేస్తుంది, నేను ములక్కాడలు పట్టుకొస్తాను.

ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. తెల్లవారుజామున అయినా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ